రిటైరై నాలుగేళ్ళు దాటాక గ్రాట్యుటీ, పెన్షన్ సొమ్ములో కొంత తిరిగి కట్టమని నోటీసు: ఏమి చేయాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి, గజపతి జిల్లా):

అందరికీ నమస్కారం. నేను ఒడిశా ప్రభుత్వ శాఖ ఒకదానిలో 1988లో జూనియర్ క్లర్కుగా చేరి, 33 ఏళ్ళు పనిచేసి, 2021 మే 31న పదవీ విరమణ చేసినవాణ్ణి. నా మీద ఏనాడూ శాఖాపరమైన విచారణ జరగలేదు, ఒక్క మెమో కూడా అందుకోలేదు. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము (పెన్షన్‌లో కొంత భాగాన్ని వదులుకుని బదులుగా ఒకేసారి తీసుకునే మొత్తం) ఆలస్యం లేకుండానే చేతికి వచ్చాయి. అందులో ఎక్కువ భాగం మా రెండో అమ్మాయి పెళ్ళికీ, మిగిలినది ఇంటి మీద శ్లాబుకూ ఖర్చయిపోయింది. ఇప్పుడు నెలనెలా వచ్చే పెన్షన్ తప్ప మాకు వేరే ఆధారం లేదు.

2025 జూలై రెండో వారంలో పోస్ట్‌మాన్ ఒక రిజిస్టరు కవరు ఇచ్చి సంతకం పెట్టించుకుని వెళ్ళాడు. లోపల ఒడియాలో ఉన్న ఒక్క పేజీ కాగితం. 2013లో ఆర్ఏసీపీ (పదోన్నతి రాకపోయినా నిర్ణీత సర్వీసు తరువాత పై స్థాయి జీతం ఇచ్చే పథకం) కింద నా జీతం స్థిరీకరించినప్పుడు ఒక ఇంక్రిమెంటు అదనంగా పడిందని ఆడిట్ వారు గుర్తించారని, దానివల్ల నా చివరి మూలవేతనం 46,200కు బదులు 47,600గా నమోదైందని, అందుచేత జీతం, గ్రాట్యుటీ, కమ్యుటేషన్, పెన్షన్ అన్నింటిలోనూ కలిపి 2,07,846 రూపాయలు అధికంగా చెల్లించడం జరిగిందని, ఈ మొత్తాన్ని 30 రోజులలోగా ట్రెజరీ చలానా ద్వారా జమ చేయకపోతే పెన్షన్ నుంచి మినహాయిస్తామని అందులో ఉంది. ఏ పద్దు కింద ఎంత అన్న వివరం ఎక్కడా లేదు.

నేను తెలుగు బడిలో చదువుకున్నా, ఉద్యోగమంతా ఒడియాలోనే చేశాను కాబట్టి ఆ కాగితం చదవడానికి ఎవరి సాయమూ అవసరం పడలేదు. అయినా మూడుసార్లు చదివాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, నా ముఖం చూసి, "ఆఫీసు డబ్బేమైనా మీ చేతిలో ఉండిపోయిందా?" అని అడిగింది. ఆమె నన్ను అనుమానించి అడగలేదు, భయపడి అడిగింది. కానీ ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

మర్నాడే పాత ఆఫీసుకు వెళ్ళాను. ఇప్పుడక్కడ పనిచేస్తున్న కుర్రవాడు మర్యాదగా కూర్చోబెట్టి నా సర్వీసు బుక్ తీసి చూపించాడు. 2013 జనవరి 1న ఆర్ఏసీపీ స్థిరీకరణ, అదే ఏడాది జూలై 1న వార్షిక ఇంక్రిమెంటు, రెండూ ఒకే పేజీలో నీలి సిరాతో ఉన్నాయి. జూలై పద్దు పక్కన ఎర్ర పెన్సిలుతో కొత్తగా పెట్టిన అడ్డగీత ఉంది. కింద ఉన్న సంతకం అప్పటి అధికారిది. ఆయన ఇప్పుడు లేరు.

నేను తెలుసుకోవాలనుకున్నవి ఇవి. ఈ సొమ్ము నేను కట్టి తీరవలసిందేనా? కట్టకపోతే పెన్షన్‌లో కోత పెట్టే అధికారం వారికి ఉందా? మరొకటి కూడా మనసులో ఉన్నది ఉన్నట్టు అడుగుతున్నాను: నిజంగానే ఒక ఇంక్రిమెంటు ఎక్కువ పడి ఉంటే, అది ప్రజల డబ్బే కదా, దానిని ఉంచుకోవడం న్యాయమేనా?

వంశధార (గుణుపురం):

మహేంద్రతనయ గారికి నమస్కారం. నేను గుణుపురంలో న్యాయవాద వృత్తిలో ఉన్నాను. ముందుగా ఒక మాట. 30 రోజుల గడువు చూసి కంగారుపడి చలానా కట్టకండి, ఆఫీసువారు "వాయిదాలకు ఒప్పుకుంటున్నాను" అన్న కాగితం ఏదైనా ముందు పెడితే దాని మీద సంతకమూ చేయకండి. అయితే నోటీసును పట్టించుకోకుండా ఊరుకోవడం కూడా పొరపాటే. గడువులోగా రాతపూర్వకమైన జవాబు వారికి చేరి, దాని రసీదు మీ దగ్గర ఉండాలి.

ఇలాంటి రికవరీల మీద సుప్రీంకోర్టు 2014 డిసెంబరు 18న పంజాబ్ రాష్ట్రానికీ రఫీక్ మసీహ్‌కూ మధ్య నడిచిన కేసులో తీర్పు ఇచ్చింది. ఉద్యోగి తప్పేమీ లేకుండా, యజమాని పొరపాటు వల్ల ఎక్కువ సొమ్ము చెల్లించినప్పుడు, ఏయే సందర్భాలలో దానిని తిరిగి వసూలు చేయడం చట్టరీత్యా చెల్లదో కోర్టు అందులో చెప్పింది. మూడవ, నాల్గవ తరగతి ఉద్యోగుల నుంచి, అంటే గ్రూప్ సి, గ్రూప్ డి వారి నుంచి వసూలు చేయరాదు. పదవీ విరమణ చేసినవారి నుంచి గానీ, రికవరీ ఉత్తర్వు వచ్చిన నాటికి ఏడాదిలోపు విరమణ చేయబోయేవారి నుంచి గానీ వసూలు చేయరాదు. ఉత్తర్వుకు ముందు ఐదేళ్ళకు మించిన కాలం పాటు అధిక చెల్లింపు జరిగి ఉంటే వసూలు చేయరాదు. పై పోస్టు పని అక్రమంగా చేయించుకుని దానికి తగ్గ జీతం ఇచ్చినప్పుడు, ఆ వ్యక్తి కింది పోస్టులో ఉండవలసినవాడని చెప్పి వసూలు చేయరాదు. ఇవి కాక, వసూలు చేయడం మరీ కఠినంగా, అన్యాయంగా ఉంటుందని కోర్టు భావించిన ఏ సందర్భంలోనైనా అంతే. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే మొదటి మూడూ మీకు వర్తిస్తున్నాయి. ఈ తీర్పును అనుసరించి కేంద్ర సిబ్బంది శాఖ కూడా 2016 మార్చి 2న తన కార్యాలయాలకు మెమోరాండం పంపింది.

మన రాష్ట్రానికి ఇంకా దగ్గరగా ఉన్నది 2025 ఏప్రిల్ 4 నాటి తీర్పు. కటక్ జిల్లా న్యాయస్థానంలో స్టెనోగ్రాఫర్లుగా, పర్సనల్ అసిస్టెంట్లుగా పనిచేసి రిటైరైన వారి నుంచి అధిక చెల్లింపు పేరుతో వసూలుకు దిగినప్పుడు, జోగేశ్వర్ సాహూ కేసుగా అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. వారు మోసం చేయలేదు, తప్పుడు సమాచారం ఇవ్వలేదు, విరమణ తరువాత వసూలు చేయడం తగదు అని చెప్పి కోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. మీ జవాబులో ఈ రెండు తీర్పుల పేర్లూ, తేదీలూ తప్పక రాయండి.

కానీ మీ కేసు ఎంత గట్టిదో చెప్పాలంటే నాకు రెండు విషయాలు తెలియాలి. 2013లో ఆ స్థిరీకరణ కాగితం తయారుచేసినది ఎవరు? మీరు జీతాలు, సర్వీసు వ్యవహారాలు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో ఉండి మీ బిల్లు మీరే రాసుకున్నారా? రెండవది, ఆ సమయంలో "అధికంగా చెల్లించినట్టు తేలితే తిరిగి ఇస్తాను" అన్న అండర్‌టేకింగ్ మీద సంతకం పెట్టారా? ఇవి మీకు ఇబ్బంది కలిగించే ప్రశ్నలని తెలుసు. కానీ అవతలివారు మొదట పట్టుకునేవి ఇవే.

మహేంద్రతనయ:

వంశధార గారూ, ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞుణ్ణి. ఆ కాలంలో నేను డిస్పాచ్ సెక్షన్‌లో ఉన్నాను. స్థిరీకరణ ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ వారు చేశారు, పై కార్యాలయం పరిశీలించింది, నాకు కాపీ మాత్రమే వచ్చింది. విరమణ సమయంలో పెన్షన్ కాగితాలతో పాటు సర్వీసు బుక్ కూడా మంజూరు చేసే కార్యాలయానికి వెళ్ళి, అక్కడ చూశాకే పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) వచ్చింది. అండర్‌టేకింగ్ విషయంలో మాత్రం నాకు ఖచ్చితంగా గుర్తు లేదు. అప్పట్లో అందరి చేతా ఒక అచ్చు ఫారం మీద సంతకాలు తీసుకున్నారని లీలగా గుర్తు. అది ఇదేనో, వేరే ఆప్షన్ ఫారమో చెప్పలేను.

ఋషికుల్య (ఛత్రపురం, గంజాం జిల్లా):

పెద్దలు నన్ను మన్నించాలి, నేను ఇక్కడ కొంచెం వేరుగా ఆలోచిస్తున్నాను. ప్రశ్న అడిగినవారే స్వయంగా "అది ప్రజల డబ్బే కదా" అన్నారు. 2012లో ఉత్తరాఖండ్‌కు చెందిన చండీ ప్రసాద్ ఉనియాల్ కేసులో సుప్రీంకోర్టు కూడా దాదాపు ఆ మాటే అన్నది. అధికంగా చెల్లించిన ప్రభుత్వ సొమ్ము పన్ను కట్టేవారిది, అది ఇచ్చిన అధికారిదీ కాదు, పుచ్చుకున్న ఉద్యోగిదీ కాదు, కాబట్టి పొరపాటున వెళ్ళిన సొమ్మును సాధారణంగా తిరిగి రాబట్టవచ్చు అని. అండర్‌టేకింగ్ ఉంటే మరీను. 2016 జూలై 29న జగ్‌దేవ్ సింగ్ కేసులో, ఒక న్యాయాధికారి జీతం సవరించినప్పుడు అండర్‌టేకింగ్ ఇచ్చి ఉన్నాడు కాబట్టి తిరిగి కట్టవలసిందేనని, అయితే రెండేళ్ళ వ్యవధిలో వాయిదాలుగా తీసుకోవాలని కోర్టు చెప్పింది. రెండు లక్షల కోసం కటక్ దాకా తిరిగి, వకీలు ఫీజు కట్టి, ఆరోగ్యం పాడుచేసుకోవడం కంటే వాయిదాలు అడగడం మేలేమో ఆలోచించండి. మా మేనమామగారు అలాగే చేసి ప్రశాంతంగా ఉన్నారు.

నాగావళి (రాయగడ):

నేను ఒక శాఖలో అకౌంట్స్ విభాగంలో పాతికేళ్ళకు పైగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇలాంటి రికవరీ ఉత్తరాలు నా చేత్తో నేనే కొన్ని రాశాను. అందుకే ఈ విషయంలో మౌనంగా ఉండడం నాకు సబబుగా తోచలేదు.

ఋషికుల్య గారు చెప్పిన రెండు తీర్పులూ నిజమే. కానీ ఉనియాల్ తీర్పు వచ్చింది 2012లో, రఫీక్ మసీహ్ తీర్పు ఆ తరువాత 2014లో వచ్చింది. ముందు వచ్చిన తీర్పులను ఎదుట పెట్టుకునే, ఎక్కడ వసూలు చేయకూడదో రెండవది గీత గీసింది. జగ్‌దేవ్ సింగ్ న్యాయాధికారి. ఆయన గ్రూప్ సి గుమాస్తా కాదు. ఆయన ఇచ్చిన అండర్‌టేకింగ్ స్పష్టంగా ఉంది, ఆయన దానిని కాదనలేదు కూడా. మహేంద్రతనయ గారి విషయంలో అలాంటి కాగితం ఉన్నదో లేదో ఇంకా తెలియదు. ఉన్నదని శాఖ అంటే దాని కాపీ చూపించమనాలి. చూపించలేకపోతే లేనట్టే లెక్క. ఒకవేళ ఉంటే మీ దారి కొంత ఇరుకవుతుంది, అది నేను దాచను.

ఆడిట్ అభ్యంతరం ఎలా ఉత్తరంగా మారుతుందో బయటివారికి తెలియదు కాబట్టి చెబుతాను. ఆడిట్ బృందం వచ్చి సర్వీసు పుస్తకాలు తిరగేసి, ఒక పేజీ దగ్గర ఆగి, "ఫలానా పద్దు వివరించండి" అని అర కాగితం మీద రాసి వెళుతుంది. ఆ అభ్యంతరం తొలగకపోతే, బాధ్యత స్థిరీకరణ చేసినవారి మీదా, సంతకం చేసినవారి మీదా పడుతుంది. వారిలో కొందరు రిటైరై ఉంటారు, కొందరు చనిపోయి ఉంటారు. ఇప్పుడు కుర్చీలో ఉన్న అధికారికి ఆ అభ్యంతరం ముగిసిపోవాలి. ముగియడానికి అన్నిటికంటే తేలికైన దారి పెన్షనరుకు ఉత్తరం పంపడం. చాలామంది పెన్షనర్లు భయపడి కట్టేస్తారు, ఫైలు మూసుకుపోతుంది. నేను రాసిన ఉత్తరాలు అందుకున్నవారిలో ఎదురు ప్రశ్న వేసినవారు ఇద్దరే ఇద్దరు. ఆ ఇద్దరి విషయంలోనూ మా అధికారి న్యాయ సలహా తీసుకుని ఫైలు పక్కన పెట్టారు. మిగిలినవారు కట్టినది ఇప్పుడు తలుచుకుంటే నాకు బాధగానే ఉంటుంది.

ఇక లెక్క సంగతి. మొత్తం ఒక్క అంకెగా చెప్పి ఊరుకున్న ఉత్తరాన్ని ఎప్పుడూ నమ్మకండి. "డ్యూ అండ్ డ్రాన్" స్టేట్‌మెంట్ అడగండి. ఏ నెలకు ఎంత రావాలి, ఎంత తీసుకున్నారు, తేడా ఎంత అన్నది నెలనెలా వరసలో ఉండాలి. మీరు చెప్పిన అంకెలతో గ్రాట్యుటీ తేడా ఒక్కటి నేనే వేసి చూపిస్తాను. 47,600కూ 46,200కూ తేడా 1,400. మీరు విరమణ చేసిన నాటి 17 శాతం డీఏ దాని మీద 238. కలిపితే 1,638. మీ సర్వీసు 33 ఏళ్ళు, అంటే 66 అర్ధ సంవత్సరాలు, ఒక్కొక్కదానికి నాలుగో వంతు చొప్పున పదహారున్నర రెట్లు. 1,638ని 16.5తో గుణిస్తే 27,027 రూపాయలు. గ్రాట్యుటీ కింద వారు వేసిన అంకె దీనికి దూరంగా ఉంటే ఎక్కడో తప్పు జరిగింది. పెన్షన్ తేడా మూలంలో 1,400లో సగం, అంటే నెలకు 700, దాని మీద ఆయా కాలపు టీఐ (పెన్షనర్లకు ఇచ్చే కరువు భత్యం). అయితే కమ్యూట్ చేసిన భాగం ఆ 700లోంచి తీసేశారా లేదా అన్నది చూడండి. అది తీయకుండా పూర్తి 700 మీద లెక్క వేసి, మళ్ళీ కమ్యుటేషన్ సొమ్ము కూడా విడిగా అడిగితే ఒకే సొమ్మును రెండుసార్లు వసూలు చేసినట్టవుతుంది. ఈ పొరపాటు నేను నా కళ్ళతో చూశాను.

ఆ జూలై ఇంక్రిమెంటు నిజంగా అధికమేనా అన్నదీ తేలవలసిన విషయమే. ఆర్ఏసీపీ వచ్చిన తేదీ నుంచి స్థిరీకరణ కోరుకున్నారా, తరువాతి ఇంక్రిమెంటు తేదీ నుంచి కోరుకున్నారా అన్నదాన్ని బట్టి లెక్క మారవచ్చు. మీకు లీలగా గుర్తున్న ఆ ఫారం ఆప్షన్ ఫారమే అయితే, అది మీకు పనికివచ్చే కాగితమే తప్ప హాని చేసేది కాదు. కాబట్టి సర్వీసు బుక్‌లో ఆ పేజీ, స్థిరీకరణ స్టేట్‌మెంట్, ఆప్షన్ ఫారం, అండర్‌టేకింగ్ అంటూ ఏదైనా ఉంటే అది, ఆడిట్ అభ్యంతరం కాపీ, ఇవన్నీ సమాచార హక్కు కింద అడగండి. మన రాష్ట్రంలో దరఖాస్తు ఫారం ఎ లో ఇవ్వాలి, ఫీజు 10 రూపాయలు, గుర్తింపు పత్రం జతచేయాలి, 30 రోజులలో జవాబు రావాలి.

మీరు వేసిన చివరి ప్రశ్నకు కూడా నా మనసులో ఉన్నది చెబుతాను. ఇంక్రిమెంటు నిజంగానే ఎక్కువ పడి ఉంటే, ఇకమీదట వచ్చే పెన్షన్‌ను సరైన అంకెకు తగ్గించే హక్కు శాఖకు ఉంది. ముందుగా నోటీసు ఇచ్చి, మీ మాట విని, ఆ తరువాత తగ్గించాలి. రఫీక్ మసీహ్ తీర్పు దానికి అడ్డు రాదు, మీరూ దానికి అడ్డుపడనవసరం లేదు. ప్రజల డబ్బు పట్ల మీకున్న బాధ్యత అక్కడ తీరుతుంది. కానీ 2013 నుంచి ఎనిమిదేళ్ళ పాటు వారే లెక్కవేసి, వారే సంతకం చేసి, మీ ఖాతాలో వేసిన జీతాన్ని నమ్ముకుని మీరు కుటుంబం నడిపారు, కూతురి పెళ్ళి చేశారు. ఇంత కాలం తరువాత దానిని అప్పు అనడం న్యాయం కాదు. కేరళలో ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడి విషయంలో కూడా ఇలాగే ఇంక్రిమెంట్ల లెక్కలో పొరపాటు జరిగితే, 2022 మే 2న థామస్ డేనియల్ కేసులో సుప్రీంకోర్టు వసూలు చెల్లదన్నది. ఉద్యోగికి హక్కు ఉందని కాదు, కష్టం నుంచి కాపాడడం కోసం న్యాయబుద్ధితో ఇచ్చే ఊరట ఇది అని అందులో చెప్పింది. ఆ మాటలో ఉద్యోగిని దొంగగా చూడడం ఎక్కడా లేదు. ఇది మీ ఇంట్లో కూడా చెప్పండి.

ప్రాణహిత (బల్లార్పూర్, చంద్రపూర్ జిల్లా):

అన్నగారికి నమస్కారం. మాది సిరోంచ, ప్రస్తుతం బల్లార్పూర్‌లో ఉంటున్నాం. మా అనుభవం మీదాని వంటిది కాదు కానీ, మీకు పనికివస్తుందని రాస్తున్నాను.

మా మామగారు కేంద్ర ప్రభుత్వ సంస్థలో పనిచేసి రిటైరై, కొద్ది కాలానికే కాలం చేశారు. మా అత్తగారికి ఫ్యామిలీ పెన్షన్ వచ్చేది. విరమణ తరువాత చనిపోయినవారి భార్యకు మొదట ఏడేళ్ళు, లేదా ఆయన బతికి ఉంటే 67 ఏళ్ళు నిండే రోజు దాకా, ఈ రెండింటిలో ఏది ముందైతే అంతవరకు పెంచిన రేటులో ఇస్తారు. ఆ తరువాత మామూలు రేటుకు తగ్గించాలి. బ్యాంకు తగ్గించడం మరిచిపోయింది. అత్తగారికి చదువు రాదు, ఆమెకు తెలిసే అవకాశమే లేదు. కొన్నేళ్ళ తరువాత ఒక రోజు నవంబరులో జీవన ప్రమాణ పత్రం ఇవ్వడానికి వెళితే, ఖాతాలో ఉన్న సొమ్మును అధిక చెల్లింపు కింద పట్టేశామని కౌంటరులో చెప్పారు. ముందుగా ఒక్క ఉత్తరం లేదు. ఆ నెల మందులకు కూడా డబ్బు లేక ఆవిడ పాసుబుక్ పట్టుకుని బెంచీ మీద అలాగే కూర్చుండిపోయింది. మేము భయపడి, మిగిలిన మొత్తాన్ని నెలకు ఇంత చొప్పున పట్టుకోవచ్చు అని వారు రాసి ఇచ్చిన కాగితం మీద ఆవిడ చేత వేలిముద్ర వేయించాము. ఆ తొందర నాకు ఇప్పటికీ పశ్చాత్తాపంగానే ఉంది. తరువాత వకీలును కలిస్తే, "ఒప్పుకుని వేలిముద్ర వేశాక అడిగితే ఏం లాభమమ్మా" అన్నారు.

తరువాత తెలిసినది ఏమిటంటే, మా ప్రాంతానికి వర్తించే బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి 2020 ఆగస్టులోనే ఇలాంటి కేసులో తీర్పు ఇచ్చి ఉంది. భండారా ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో పనిచేసి 1994లో రిటైరైన ఒక పెద్దాయన నుంచి, నెలకు 782 రూపాయలు ఎక్కువ ఇచ్చామంటూ బ్యాంకు 3,69,035 రూపాయల వసూలుకు దిగితే, ఆయన 85 ఏళ్ళ వయసులో కోర్టుకు వెళ్ళాడు. వసూలు చెల్లదని చెప్పి, పట్టుకున్నది తిరిగి ఇమ్మని, ఖర్చుల కింద 50,000 కూడా కట్టమని కోర్టు బ్యాంకును ఆదేశించింది. బ్యాంకులు అధిక పెన్షన్‌ను ఎలా రాబట్టాలో చెప్పే తన పాత సర్క్యులర్లను రిజర్వు బ్యాంకు 2021 జనవరిలో ఉపసంహరించుకుంది కూడా.

కాబట్టి అన్నగారూ, పెన్షన్ వచ్చే ఖాతా మీద ఒక కన్ను వేసి ఉంచండి. మీ జవాబు కాపీని శాఖకే కాక ట్రెజరీకీ, బ్యాంకు శాఖకూ కూడా ఇవ్వండి. ఈ విషయం వివాదంలో ఉందని, మీ రాతపూర్వక సమ్మతి లేకుండా ఏమీ పట్టుకోవద్దని అందులో ఉండాలి. మేము ఆ పని చేయలేదు.

వంశధార:

ప్రాణహిత గారు చెప్పినది చాలా ముఖ్యం. దానికి ఒక్కటి చేర్చుతాను. ఒడిశా సివిల్ సర్వీసెస్ పెన్షన్ నియమాలు 1992లో ఏడవ నియమం కింద పెన్షన్ నిలిపివేయడానికీ, అందులోంచి వసూలు చేయడానికీ ప్రభుత్వానికి అధికారం ఉంది. కానీ అది శాఖాపరమైన లేదా న్యాయపరమైన విచారణలో తీవ్రమైన దుష్ప్రవర్తన గానీ నిర్లక్ష్యం గానీ రుజువైనప్పటి మాట. మీ మీద విచారణే లేదు. చట్టపరమైన అధికారం లేకుండా పెన్షన్, గ్రాట్యుటీలను పట్టుకోవడం కుదరదని, అవి రాజ్యాంగం 300ఎ అధికరణం కింద ఆస్తి అని 2013 ఆగస్టు 14న జితేంద్ర కుమార్ శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది కూడా జవాబులో పెట్టండి.

ఒకవేళ కోత మొదలైతే దారి ఏదని ఋషికుల్య గారి మాటల వెనుక ఉన్న ప్రశ్న. రాష్ట్ర పరిపాలనా ట్రిబ్యునల్ 2019లో రద్దయింది కాబట్టి, ఇప్పుడు రాష్ట్ర ఉద్యోగులూ పెన్షనర్లూ నేరుగా కటక్‌లోని హైకోర్టులో రిట్ వేయాలి. కేంద్ర ఉద్యోగులైతే కేంద్ర ట్రిబ్యునల్ కటక్ బెంచికి వెళ్ళాలి. ప్రైవేటు కంపెనీలో పనిచేసి ఈపీఎస్ (ఉద్యోగుల పెన్షన్ పథకం) పెన్షన్ తీసుకునేవారి సంగతి పూర్తిగా వేరు, వారు ఈ తీర్పులను యథాతథంగా తమకు అన్వయించుకోకూడదు. కటక్ ప్రయాణం గురించి భయపడనవసరం లేదు. వాదనలకు మీరు ప్రతిసారీ వెళ్ళవలసిన పని ఉండదు. జవాబు ఇచ్చిన తరువాత కూడా వారు కోతకు దిగితేనే ఆ మాట ఆలోచిద్దాం.

ఋషికుల్య:

నాగావళి గారు లెక్క వేసి చూపించిన తరువాత నా అభిప్రాయం కొంత మార్చుకోవలసి వచ్చింది. మా మేనమామగారి ఉత్తరంలో కూడా ఒక్క మొత్తమే ఉంది, వివరం అడగాలని మాకెవరికీ తోచలేదు. కమ్యూట్ చేసిన భాగం రెండుసార్లు పడిందేమో ఇప్పుడు చూడాలి. ఆ కాగితాలు తీయమని ఈ సాయంత్రమే ఆయనకు ఫోను చేస్తాను.

మహేంద్రతనయ:

అందరికీ నమస్కారాలు. కొంత ఆలస్యంగా రాస్తున్నాను, మన్నించండి.

వంశధార గారు చెప్పినట్టే జవాబు ఒడియాలో రాసి, దాని కింద ఇంగ్లీషు ప్రతి కూడా జతచేసి, గడువుకు ఆరు రోజుల ముందు రిజిస్టరు పోస్టులో పంపాను. ట్రెజరీకీ బ్యాంకుకూ కాపీలు స్వయంగా ఇచ్చి, నా ప్రతి మీద తేదీ ముద్ర వేయించుకున్నాను. సమాచార హక్కు దరఖాస్తుకు జవాబు గత వారం వచ్చింది. అండర్‌టేకింగ్ అన్న కాగితం ఫైలులో లభ్యం కావడం లేదని రాతపూర్వకంగా ఇచ్చారు. నా సంతకం ఉన్నది ఆప్షన్ ఫారమే. 2013 ఫిబ్రవరి నాటిది. నా చేతిరాత నేనే గుర్తుపట్టాను.

డ్యూ అండ్ డ్రాన్ స్టేట్‌మెంట్ మూడు పేజీలు ఉంది. గ్రాట్యుటీ కింద నాగావళి గారు వేసిన 27,027 సరిగ్గా అలాగే ఉంది. కానీ పెన్షన్ పద్దులో పూర్తి 700 మీదే లెక్క వేసి, కమ్యుటేషన్ తేడాను మళ్ళీ విడిగా చూపించారు. ఆ వరసలకు పెన్సిలుతో గుర్తు పెట్టి రెండవ ఉత్తరం సిద్ధం చేస్తున్నాను. ఆప్షన్ ఫారం కాపీ కూడా దానికి జతచేస్తాను. ఇకమీదటి పెన్షన్ సవరించవలసి ఉంటే నియమం ప్రకారం సవరించుకోవచ్చునని, దానికి నాకు అభ్యంతరం లేదని కూడా అందులో రాశాను.

ఈ నెల పెన్షన్ కోత లేకుండా పూర్తిగా పడింది. పాసుబుక్‌లో ఆ వరస మా ఆవిడకు చూపించాను. ఆమె అంకె చూసి, కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుని ఇంకోసారి చూసింది. రెండవ ఉత్తరానికి జవాబు వచ్చాక ఇక్కడే రాస్తాను.